అడుగు తోమిన చెయ్యి

వనజాక్షి మ్యూజియం మెట్లెక్కేసరికి సి.ఐ. కిషోర్ బాబు కేసు ముగించేసి టీ తాగుతున్నాడు.

దొంగ ఎవరో తేలిపోయింది, సొత్తు ఎక్కడుందో ఒక్కటే తేలాలి, అదీ సాయంత్రానికి స్టేషన్లో ప్రేమలీల నోటితోనే చెప్పిస్తానని అతని ధీమా. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం మనిషి. కిందటేడు నాయుడుపేట నగల కేసులో ఆ నాలుగో కాలు వనజాక్షి చూపించింది. అప్పట్నుంచీ ఆమె కనబడితే చాలు, అతనికి సైనసు తిరగబెడుతుంది.

వనజాక్షికి నెల్లూరులో ఒక చిన్న డిటెక్టివ్ ఆఫీసుంది. వచ్చే కేసుల్లో ముక్కాలు భాగం పెళ్ళి ఎంక్వైరీలు. పిల్లాడు తాగుతాడా, పిల్లకు ఇంతకుముందు నిశ్చితార్థం ఏమన్నా చెడిందా, ఇవే. ఇలాంటిది ఏడాదికొకటి తగిలితే గొప్ప. ఈసారి ఫోన్ చేసింది ప్రేమలీలే. సాయంత్రం తనను తీసుకుపోతారంటున్నారని, ఎలాగైనా వచ్చి విగ్రహాన్ని ఒక్కసారి తనకు చూపించమని పోలీసులకు చెప్పమని అడిగింది. అరెస్టు కాబోయే మనిషి లాయరును అడుగుతుంది గాని విగ్రహాన్ని అడగదు. ఆ ఒక్క మాటకే వనజాక్షి మ్యూజియం ఉన్న ఇందుకూరుపేట దారి పట్టింది.

విగ్రహం సంగతి తీరమంతా తెలిసిందే. రెండేళ్ళ కిందట పోలేరయ్య అనే మత్స్యకారుడి వలలో పంచలోహ అమ్మవారు పడింది. మోకాలెత్తు ఉంటుంది. ఒంటినిండా గవ్వలు, పచ్చటి చిలుము. అయిదొందల ఏళ్ళ కిందట ఏదో ఓడ మునిగినప్పుడు సముద్రంలో పడిపోయి ఉంటుందని మ్యూజియం క్యురేటర్ పెంచలప్రసాద్ తేల్చాడు, పేపర్లలో ఫోటోలు వేయించుకున్నాడు. ఆ తర్వాత దాని మంచిచెడ్డలన్నీ ప్రేమలీల మీద పడ్డాయి. పాత వస్తువులు పాడవకుండా కాపాడటం ఆమె ఉద్యోగం, వైద్యం అన్నా తప్పులేదు. సముద్రంలో నానిన లోహంలోకి ఉప్పు దిగిపోతుంది. పైకి ఏమీ తెలియదు. తేమ గాలి తగిలిందా, లోపలి ఉప్పు లేచి లేత పచ్చటి పొడిగా పొక్కుతుంది, ఆ పొక్కు లోహాన్ని తినేస్తుంది. అందుకని సోడా నీళ్ళలో నానబెట్టి ఆ ఉప్పును కొద్దికొద్దిగా దించాలి. పైనున్న చిలుము పుండు మీది పక్కులాంటిది, తొందరపడి గీకకూడదు. రెండేళ్ళుగా ప్రేమలీల నీళ్ళు మారుస్తూ, కాచుకుంటూ కూచుంది.

శనివారం ఆమె విగ్రహాన్ని నీళ్ళలోంచి తీసి, ఆరబెట్టి, ఏసీ గదిలో పెట్టి తాళం వేసి వెళ్ళింది. ఇవాళ సోమవారం పొద్దున్నే క్యురేటర్ తలుపు తీస్తే అమ్మవారు పండక్కి తోమిన బిందెలాగా తళతళా మెరుస్తోంది. చిలుము లేదు, గవ్వల్లేవు, తూకం కిలోకు పైగా తగ్గింది. తాళం చెక్కుచెదరలేదు. తాళంచెవులు రెండే, ఒకటి ప్రేమలీలది, ఒకటి క్యురేటర్‌ది. క్యురేటర్ రెండు రోజులూ నెల్లూరులో చుట్టాల పెళ్ళిలో ఉన్నానని చెప్పి, రిపోర్టు రాసిచ్చి, కలెక్టరాఫీసులో పనుందని వెళ్ళిపోయాడు. ఇక కిషోర్ బాబు లెక్క చాలా తేలిక. అసలుది అమ్ముకున్నారు, నకిలీది పెట్టారు, తాళంచెవి ఉన్నామె దొంగ.

వరండాలో ఒక యాభై ఏళ్ళ మనిషి స్తంభానికి ఆనుకుని కూచుని ఉంది. పోలేరయ్య భార్య పేరమ్మ. ప్రతి శుక్రవారం చేపల గంప దించేసి వచ్చి అద్దం ఇవతల నుంచే అమ్మవారికి హారతిచ్చి పోతుంది. ఇవాళ శుక్రవారం కాకపోయినా ఊళ్ళో మాట విని పరుగున వచ్చింది. లోపలికి పోనివ్వలేదు, ఆమె ఇంటికి పోలేదు. వనజాక్షి పక్కన చతికిలబడి, మీ ఆయన రాలేదా అక్కా అని అడిగింది.

"ఆయన వేటకి పోయుండాడు. ఇంట్లో ఉన్నా రాడులేమ్మా," అంది పేరమ్మ. "అమ్మ పడింది ఆయన వలలోనే. రెండేండ్లయింది, ఒక్కనాడన్నా ఇటుకేసి వచ్చి చూళ్ళా. నేను రమ్మంటే ముసుగుదన్ని పడుకుంటాడు."

ఆ మాట వనజాక్షి మనసులో ఒక మూల పడేసుకుంది. అక్కడ అలాంటివి చాలానే ఉంటాయి, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయి.

ప్రేమలీలను క్యురేటర్ గదిలో కూచోబెట్టి పక్కన ఒక ఆడ కానిస్టేబుల్‌ని కాపలా పెట్టారు. ముప్పయ్యయిదేళ్ళుంటాయి. సోడా నీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళు చాకిరేవు మనిషి వేళ్ళలా ముడతలు పడ్డాయి. తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదంది. ఆదివారం ఇంట్లోనే ఉన్నానంది, సాక్షులు లేరంది. భయంగా ఉందా అని అడిగితే, ఉంది మేడం అని నిజమే చెప్పింది. ఉద్యోగం పోతుందనీ, ఇంకెక్కడా ఏ మ్యూజియమూ తన చేతికి మట్టిపెంకు కూడా ఇవ్వదనీ చెప్పి, మళ్ళీ మొదటి మాటకే వచ్చింది. విగ్రహాన్ని ఒక్కసారి చూపించమంది. అది నకిలీదో కాదో చూడటానికి తనకు ఒక్క నిమిషం చాలట. పొద్దుట్నుంచీ సి.ఐ. తాళంచెవి గురించి తప్ప ఇంకొకటి అడగలేదట.

దొంగనే వచ్చి సొత్తు చూడమంటే ఇంక మేమెందుకు అని కిషోర్ బాబు ఒప్పుకోలేదు. సరే, ముందు నేనొక్కదాన్నే చూస్తానని వనజాక్షి పనిగదిలోకి నడిచింది.

గదిలో ఏసీ ఆపేసి ఉంది, కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. సముద్రపు గాలి కాగితాలను ఎగరగొడుతోంది. ఇదెవరు తెరిచారని అడిగితే, ఫోటోలకు వెలుతురు కావాలని పొద్దున్నే తనే తెరిపించానన్నాడు సి.ఐ. ఏసీ తన ముక్కుకు పడదని కూడా చెప్పాడు. వనజాక్షి మూలనున్న సింకు దగ్గరికి వెళ్ళింది. జాలీ ఎత్తి వేలు పెట్టి కెలికితే గోటికి గోధుమరంగు పిప్పి తగిలింది. వాసన చూసింది. చింతపండు.

బల్ల మీది విగ్రహం దగ్గరికొచ్చి తీరిగ్గా చుట్టూ తిరిగింది. బుగ్గలు, భుజాలు, పాదాలు మెరుస్తున్నాయి. చెవుల సందుల్లో, హారాల గీతల్లో, కిరీటం వెనక మాత్రం చిలుము ఇంకా ఉంది. చేతికి గ్లవుజులు తొడుక్కుని, కానిస్టేబుల్‌ని పట్టుకోమని, విగ్రహాన్ని పక్కకు ఒరిగించింది. పీఠం కింద బోలుగా ఉంటుంది, బోర్లించిన గిన్నెలాగా. ఆ బోలులో మూలమూలనా ఎక్కడా రవ్వంత పచ్చ లేదు. లోపల గోళ్ళతో గీరినట్టు సన్నటి గీతలున్నాయి. వనజాక్షి చాలాసేపు ఆ అడుగునే చూసింది.

మళ్ళీ నిలబెట్టేటప్పుడు అమ్మవారి ఎడమ బుగ్గ మీద ఆమె చూపు ఆగింది. ఆవగింజంత లేత పచ్చటి చుక్క. దాని కింద మరొకటి. మెడ మీద నాలుగైదు. వాటిని తాకకుండా వెనక్కి తిరిగి, ఈ చుక్కలు పొద్దున ఫోటోల్లో ఉన్నాయేమో చూడమంది. ఫోటోగ్రాఫరు కెమెరా తిప్పి చూశాడు. లేవు.

"ఇప్పుడన్నా ఆ అమ్మాయిని పిలిపించండి కిషోర్ బాబు గారూ. మీరు పిలవకపోతే ఈ చుక్కల సంగతి రేపు కోర్టులో లాయరు అడుగుతాడు, అప్పుడు మీరే చెప్పుకోవాలి."

కిషోర్ బాబు ముక్కు తుడుచుకున్నాడు. పిలిపించాడు.

గుమ్మంలోనే ప్రేమలీల ఆగిపోయింది. ఒక నిమిషం చాలన్న మనిషికి అంత కూడా పట్టలేదు. దగ్గరికొచ్చి బుగ్గ మీది చుక్కలు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏసీ ఎవరాపారని అడిగింది. రెండేళ్ళు ఒక్క పొక్కు లేవకుండా కాపాడుకున్నాననీ, పక్కు పీకేసి గాలిలో పెట్టేశారనీ, ఏడుస్తూనే దూది తీసి శుద్ధి చేసిన నీళ్ళలో ముంచి బుగ్గ మీద అద్దింది. ఆ దూదిని గాజుగొట్టంలో పిండి, సీసాలోంచి ఒక్క చుక్క మందు వేసింది. నీళ్ళు పాలవిరుగుడులా తెల్లబడ్డాయి.

"ఇది ఉప్పు సార్. లోపల్నించి వచ్చింది. మొన్న పోత పోసిన బొమ్మలో ఇంత లోపల ఉప్పు యాడుంటది? ఇదిగో, ఈ మోచేతి కింద గుంట, ఈ నడుం కాడ పగులు, అన్నీ నా ఫోటోల్లో ఉండేవే. ఇది మా అమ్మవారే. ఎవరూ మార్చలా. తోమినారు, అంతే."

ఫోటోలు తెప్పించి పక్కన పెట్టి చూశారు. గుంటకు గుంట, పగులుకు పగులు సరిపోయాయి. తగ్గిన కిలో గవ్వలదీ చిలుముదీ అని వేరే చెప్పనక్కరలేకపోయింది. నకిలీ విగ్రహం కేసు అక్కడికక్కడే నీరుగారిపోయింది. దాన్ని నీరుగార్చింది తను తెరిపించిన కిటికీలేనని కిషోర్ బాబుకు అర్థమైంది. అర్థమైనందుకు అతనికి ఇంకా మండింది.

అయినా సి.ఐ. అన్నాక ఒక కేసు పోతే ఇంకో కేసు ఉంటుంది. సింకులో చింతపండు పిప్పి సంగతి అప్పటికే కానిస్టేబుల్ అతని చెవిన వేశాడు. చింతపండు పెట్టి తోమేది ఆడవాళ్ళు. ఈ విగ్రహం మీద భక్తి ఉన్న ఆడమనిషి వరండాలోనే ఉంది. తన దేవత చిలుముపట్టి ఉండటం చూడలేక పేరమ్మ తోమేసింది, జాలిపడి ప్రేమలీల తాళంచెవి ఇచ్చింది. ప్రాచీన వస్తువును పాడుచేయడం కూడా నేరమే. ఇద్దరూ జీపెక్కాల్సిందే. ఇంత చెప్పి అతను వనజాక్షి వంక చూసిన చూపులో, ఇప్పుడేమంటావ్ అన్నట్టుంది.

వనజాక్షి పేరమ్మను లోపలికి పిలిపించింది. మెరిసిపోతున్న అమ్మవారిని చూసి పేరమ్మ దణ్ణం పెట్టబోయి ఆగింది. ముక్కు ఎగబీల్చింది.

"చింతపండు పెట్టినారా?" అంది. ఆమె గొంతులో బెదురు అందరికీ వినిపించింది. "అమ్మకి పులుపు తగిలిచ్చినారా?"

తర్వాత ఆమె చెప్పినదాన్నిబట్టి, వాళ్ళ మత్స్యకారుల వాడ పట్టపుపాలెంలో గంగమ్మకు పులుపు పడదు. బోటులోకి చింతపండు పులుసు ఎక్కించరు. సముద్రంలో దొరికిన దేన్నైనా ఉప్పునీళ్ళతో, పసుపుతో కడుగుతారు గాని పులుపు తాకనివ్వరు. అమ్మవారు ఒడ్డుకొచ్చిన రోజు పాలెమంతా పొయ్యి మీద చింతపండు లేకుండానే వండుకుందట. తోమడం సరే, ఆ పని చేసిన చెయ్యి తనదని సి.ఐ. అనుకున్నాడని విన్నందుకే ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

నమ్మకాలు కోర్టులో చెల్లవని కిషోర్ బాబు పెదవి విరిచాడు.

"నమ్మకం వద్దు, గిన్నెలు తోమడం చూద్దాం," అంది వనజాక్షి. "నేను నలభై ఏళ్ళుగా తోముతుండా. భక్తితో తోమే చెయ్యి ముఖం ముందు తోమతది. చెవుల సందులు పుల్లబెట్టి మరీ తీస్తది. అడుగు ఎవరికీ కనపడదు, దానికి ఒక్క చుట్టు చుట్టి వదిలేస్తది. ఈ చెయ్యి చెవులు వదిలేసినాది, అడుగు గీరి గీరి తోమినాది. వీడికి కావాల్సింది అడుగే. మిగతాదంతా భక్తురాలి పని అనుకోవాలని పైపైన తోమినాడు."

కానిస్టేబుల్ విగ్రహాన్ని మళ్ళీ ఒరిగించి చూశాడు. కిషోర్ బాబు కూడా వంగి చూశాడు. అతను మొండివాడే గాని గుడ్డివాడు కాదు.

పీఠం అడుగున ఏముండేదని వనజాక్షి అడిగింది. ప్రేమలీల ముఖం పాలిపోయింది. గట్టిపడిన గవ్వల ముద్ద ఉండేదని చెప్పింది. కిందటి వారం దాని అంచున చిన్న పెచ్చు ఊడితే, లోపల ఏదో నీలంగా కనబడింది. రేపు మంగళవారం చెన్నై నుంచి ఎక్స్‌రే మిషను తెప్పించి ఆ ముద్ద లోపల ఏముందో చూద్దామని శుక్రవారం నాడు క్యురేటర్‌తో చెప్పింది. ఆయన మంచిదన్నాడు, అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఊడిన పెచ్చు ఏం చేశావని వనజాక్షి అడిగింది.

అంత దిగులులోనూ ప్రేమలీల ఆ ప్రశ్నకు ఆశ్చర్యపోయింది. ఈ పనిలో ఊడిన పెచ్చును పారేసేవాళ్ళు ఎవరూ ఉండరు. రేపు ఇంకొకరు వచ్చి చూడాల్సి ఉంటుంది కదా. పుల్లతో గీకితే రాలిన దుమ్ము కూడా డబ్బీలో దాచిపెడతారు. ఆ పెచ్చు బీరువాలో ఉంది. బీరువాకు పొద్దున్నే పోలీసులు సీలు వేశారు.

సీలు తీయడానికి కిషోర్ బాబు కాసేపు గింజుకున్నాడు. పంచనామా అన్నాడు, మేజిస్ట్రేటు అన్నాడు. చివరికి తనే తీశాడు. వేసింది తనే కాబట్టి అడిగేవాళ్ళెవరూ లేరు.

డబ్బీలో రేగుపండంత పెచ్చు, దూది మీద పడుకుని ఉంది. ప్రేమలీల దాన్ని భూతద్దపు దీపం కింద పెట్టింది. తెల్లటి గవ్వలు ఒకదాని మీదొకటి పేరుకుని ఉన్నాయి. విరిగిన అంచు దగ్గర, వాటి కింద, నీలంరంగు తాడు ముక్క. నైలాన్ తాడు. దాని పురిలో కలిపి పేనిన ఒక గుడ్డపీలిక కూడా ఉంది. ఎన్నాళ్ళు నీళ్ళలో ఉన్నా దాని రాణీరంగు పూర్తిగా పోలేదు.

వల లాగేటప్పుడు చిక్కుకుని ఉంటుందన్నాడు కిషోర్ బాబు. కాదంది ప్రేమలీల, గవ్వ తాడు మీద పెరిగింది, కాబట్టి తాడు ముందు, గవ్వ తర్వాత.

"అయిదొందల ఏండ్ల కిందటి ఓడలో నైలాన్ తాడు యాడిది?" అంది వనజాక్షి. "దీన్ని ఎవరో మన కాలంలోనే దొంగిలించి, తాడు కట్టి సముద్రంలో దాచినారు. కొన్నేండ్లు గవ్వలు పట్టనిచ్చి, వలలో పడిందని పైకి తెచ్చినారు. సముద్రంలో దొరికిందానికి మాదని ఏ గుడివాళ్ళూ రారు గదా, అదేందో తేల్చినాయనకు పేరు గూడా వస్తది."

మాట ముగించి ఆమె పేరమ్మ వంక చూసింది. పేరమ్మ దీపం దగ్గరికి ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించలేదు. వంగి అద్దంలోకి చూస్తోంది. ఆమె కుడిచెయ్యి తనకు తెలియకుండానే చీర అంచును పట్టుకుని మెలిపెడుతోంది.

ఈ తాడు ఎవరిదో తెలుసా అక్కా అని వనజాక్షి నెమ్మదిగా అడిగింది. పేరమ్మ అద్దంలోంచి చూపు తిప్పుకోలేదు. కిషోర్ బాబుకు ఓపిక లేదు. తెలియకపోతే తెలియదని చెప్పమని, క్యురేటర్‌కీ దీనికీ సంబంధం తేలేదాకా తాళంచెవి ఉన్న ప్రేమలీల స్టేషన్‌కు రాక తప్పదని కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. ఆడ కానిస్టేబుల్ ప్రేమలీల రెక్క పట్టుకుంది.

"ఆ బిడ్డను తీసకపోబాకండి," అంది పేరమ్మ. "అమ్మకి రెండేండ్లు నీళ్ళు పోసినాది. తాడు మాది."

ఆ తర్వాత ఆమె చెప్పింది ఎవరూ అడ్డుపడకుండా విన్నారు. పాలెంలో బోటు తాడుకు ఆ ఇంటి ఆడమనిషి తన చీర అంచు చించి పురిలో కలిపి పేనుతుంది. ఎవరి తాడు ఎవరిదో తెలియడానికి ఒకటి, ఆ తాడు పట్టుకున్న మనిషి ఒడ్డుకు తిరిగి రావడానికి ఒకటి. ఆ రాణీరంగు తన నైలెక్సు చీరది. పేనిన చెయ్యి తనది. తాడు తుఫానులో కొట్టుకుపోయిందని పోలేరయ్య చెప్పాడు, తను నమ్మింది. ఆ ఏడే మ్యూజియం సారు వాళ్ళ బోటుకు కొత్త ఇంజను ఇప్పించాడు. పెద్దమనిషి, పేదోళ్ళ మీద దయ అనుకుంది. రెండేళ్ళుగా మొగుడు అమ్మవారి ముఖం ఎందుకు చూడలేకపోతున్నాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది. చెబుతున్నంతసేపూ ఆమె విగ్రహం వంక చూడలేదు.

కిషోర్ బాబు అప్పటికే క్యురేటర్ నంబరు కొడుతున్నాడు. స్విచాఫ్. కలెక్టరాఫీసుకు ఫోన్ చేశాడు. పెంచలప్రసాద్ ఇవాళ అటు రానేలేదన్నారు.

వనజాక్షి మనసులో మూలన పడేసుకున్నది అప్పుడు లేచి కూచుంది. పోలేరయ్య పొద్దున ఎవరితో వేటకు పోయాడని అడిగింది.

"వేటకంటే వేట కాదుమ్మా. పొద్దెక్కినాక మ్యూజియం సారే కారులో వచ్చినాడు. అమ్మ దొరికిన తావు చూపిచ్చమని బోటెక్కినాడు. వాళ్ళిద్దరే పోయినారు."

ఆమె అక్కడ ఆగింది. తను చెప్పిన మాటలు తనకే ఇప్పుడు వినబడినట్టు, చేతిలోని చీర అంచు వంక చూసుకుంది.

"తాడు ఆ సారే తెచ్చినాడు. కొత్త చుట్ట. మీ పాతది ఇంటికాడ పడెయ్, ఇవాళ దీంతో పోదాం అన్నాడు," అంది. "దానికి నేను అంచు కట్టలా."